సంతకం

బెంగుళూరు నుండి గుంతకల్లు వైపు సాగిపోయే రైలుమార్గంలో కర్ణాటక సరిహద్దు దాటిన తర్వాత వచ్చే మొదటి పెద్ద ఊరు హిందూపురం. ఆపైన పెనుకొండ. ఇంకొంత దూరం పోతే ధర్మవరం జంక్షను. చిరకాలం అనంతపురం జిల్లాలో భాగంగా ఉన్న ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. వాన తక్కువ, రాయి ఎక్కువ అయిన సీమ ఇది. పొలం ఆదుకోని ఏడు మనుషులు రైలెక్కి బెంగుళూరుకో, ముంబైకో పోవడం ఇక్కడ పాత అలవాటు.

ఈ నేలకు సైన్యం కూడా కొత్త కాదు. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధంలో ఓటమి పాలైన తర్వాత విజయనగర ప్రభువులు తమ రాజధానిని పెనుకొండకు మార్చారు. అంతకు ముందే అది వారికి ముఖ్యమైన దుర్గం. గగనమహలు గోడలు నాటి వైభవానికి నేటికీ సాక్ష్యం చెబుతున్నాయి. గుత్తిని ఏలిన మరాఠా సేనాని మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట కట్టించిన ఊరే హిందూపురమని పెద్దలు చెబుతారు. కోటలు కట్టించినవారి పేర్లు చరిత్రలో నిలిచాయి. ఆ కోటగోడల మీద రాత్రింబవళ్ళు కావలి కాసినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. వారిలో ఎందరు ఇష్టపడి వచ్చారో, ఎందరు ఇంట్లో గింజలు లేక వచ్చారో చెప్పే శాసనం ఏదీ లేదు.

ఈ రెండవ ప్రశ్నే 2025వ సంవత్సరంలో ధర్మవరంలోని ఒక నేత ఇంటి గడపలో మళ్ళీ తలెత్తింది.

ఆ ఇంటి కుర్రవాడు హిందూపురంలో మేనమామ ఇంట ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. తీసుకున్నది సి.ఇ.సి. గ్రూపు. తండ్రి ధర్మవరంలో గుంటమగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. తల్లి కండెలు చుడుతుంది, పోగులు అతుకుతుంది. వెడల్పాటి జరీ అంచుతో ధర్మవరం చీర దేశమంతటా పేరు పొందింది. కాని, ఆ పేరు మగ్గం గుంటలో కూర్చున్నవాడి ఇంటికి ఎల్లప్పుడూ అన్నమై రాలేదు. మరమగ్గం పోటీ ఒక వైపు, పట్టునూలు ధర ఇంకొక వైపు పీడించగా ఆ ఇంట్లో అప్పు ఏటేటా కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. పెద్ద కుమార్తె పెండ్లికి తెచ్చిన అప్పు దానికి తోడయింది. ఈ లెక్క కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. పండుగ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వడ్డీకి వచ్చినవాడి ఎదుట తండ్రి నిలబడిన తీరు చూసి అతడే తెలుసుకున్నాడు.

ఆ యేడు మే నెల 9వ తేదీన ఒక వార్త జిల్లాను కుదిపివేసింది. పెనుకొండ నియోజకవర్గం, గోరంట్ల మండలంలోని కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అనే యువ సైనికుడు జమ్మూ కాశ్మీరులో, నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పులలో వీరమరణం పొందాడు. అతడు 2022లో అగ్నివీరుడుగా సైన్యంలో చేరినవాడు. ముంబైకి వలసపోయి కూలిపని చేసుకున్న తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. మే 11వ తేదీన సైనిక లాంఛనాలతో కల్లితండాలో అంత్యక్రియలు జరిగాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుండి వేలాది జనం కదలివచ్చారు. మంత్రులు వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి, 300 గజాల ఇంటిస్థలం, ఒకరికి ప్రభుత్వోద్యోగం ప్రకటించింది.

కుర్రవాడు ఇద్దరు స్నేహితులతో కలిసి హిందూపురం నుండి ఆ అంత్యక్రియలకు వెళ్ళాడు. జనంలో ఎంతో వెనుక నిలబడ్డాడు. అతనికి కనబడినదల్లా త్రివర్ణ పతాకం కప్పిన పేటిక, గాలిలోకి లేచిన తుపాకుల మొనలు మాత్రమే. కాల్పుల చప్పుడు వినగానే ఒళ్ళు జలదరించింది. పక్కనున్నవారు గొంతెత్తి నినాదం చేశారు. అతడూ చేశాడు. చేస్తూ ఉండగానే ఆ జనఘోషలోంచి ఒక తల్లి ఏడుపు సన్నగా వినవచ్చింది. తిరుగుదారిలో టీ అంగడి దగ్గర ఎవరో ప్రభుత్వం ఇచ్చిన డబ్బును, పొలాన్ని వేళ్ళ మీద లెక్కించడం కూడా అతడు విన్నాడు. పతాకం, ఏడుపు, లెక్క. మూడూ కలిసి అతని మనసులో ఒకదానితో ఒకటి పొసగకుండా ఉండిపోయాయి.

ఆ రాత్రి అతడు మేనమామతో, "మామా! నేను ఆర్మీకి పోతా" అన్నాడు.

మేనమామ వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన 1997లో పంతొమ్మిదో యేట సైన్యంలో చేరి, పదిహేడేళ్ళు పనిచేసి, హవల్దారుగా 2014లో ఇంటికి వచ్చినవాడు. ప్రస్తుతం పెనుకొండ దగ్గర ఒక పరిశ్రమలో కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తర్వాత ఆ చుట్టుపక్కల అటువంటి ఉద్యోగాలు కొన్ని పుట్టాయి. కార్గిల్ యుద్ధం జరిగిన 1999లో ఆయన రాజస్థాన్ సరిహద్దున ఉన్నాడు. ఆ కథ చెప్పమని పిల్లలు ఎన్నిసార్లు అడిగినా, అక్కడి ఇసుకను గురించి, నీటి కరవును గురించి చెప్పేవాడేకాని యుద్ధాన్ని గురించి చెప్పేవాడు కాదు.

"పోతానంటే పో. అయితే ఆదివారం నాతో పెనుకొండ కొండ ఎక్కు. ఎక్కినాక మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆదివారం తెల్లవారుజామున ఇద్దరూ కొండ ఎక్కారు. దారిలో నలుగురైదుగురు కుర్రవాళ్ళు చెప్పులు చేతపట్టుకొని పరుగెత్తుతూ కనిపించారు. సైన్యం పరీక్షకు 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. కడ్డీ పట్టుకొని శరీరాన్ని పైకి లాగాలి. తొమ్మిది అడుగుల గుంట దాటాలి. సన్నని పట్టీ మీద తూలకుండా నడవాలి. 2023 నుండి వీటన్నిటి కంటే ముందు కంప్యూటరు మీద రాతపరీక్ష పెడుతున్నారు. అందులో నెగ్గినవారినే మైదానానికి పిలుస్తారు. ఈ ప్రాంతపు అభ్యర్థుల ఎంపికను గుంటూరులోని సైనిక నియామక కార్యాలయం చూస్తుంది. కుర్రవాడికి ఇవన్నీ అప్పటికే కంఠస్థం. పరుగులో తన వేగం ఎంతో కూడా సెకన్లతో సహా చెప్పాడు.

"పరుగు సంగతి నాకు తెలుసు. నీకు కాళ్ళున్నాయి. నేనడిగేది వేరు. నువ్వు సంతకం పెట్టబోయే కాగితంలో ఏముందో తెలుసునా?" అని మేనమామ అడిగాడు.

కొంత తెలుసు. పూర్తిగా తెలియదు. అప్పుడు మేనమామ తాను చేరిన నాటి పద్ధతికి, నేటి పద్ధతికి గల భేదం వివరించాడు. ఆయన చేరినప్పుడు జవానుకు పదిహేనేళ్ళ సర్వీసు నిండితే బ్రతికినంతకాలం పింఛను వచ్చేది. ఆయన ఇంటిని నేటికీ నిలబెడుతున్నది ఆ పింఛనే. 2022 జూన్ 14వ తేదీన కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. దాని ప్రకారం పదిహేడున్నర నుండి ఇరవై ఒక్క సంవత్సరాల లోపువారిని నాలుగేళ్ళ కాలానికి తీసుకుంటారు. నాలుగేళ్ళ తర్వాత వారిలో నూటికి ఇరవై ఐదుగురి వరకే సైన్యంలో కొనసాగే అవకాశం. మొదటి సంవత్సరం నెలకు 30 వేల రూపాయలు. అందులో 9 వేలు సేవానిధికి పోగా చేతికి వచ్చేది 21 వేలు. నాలుగో ఏటికి జీతం 40 వేలకు పెరుగుతుంది. ప్రభుత్వం కూడా సేవానిధిలో అంతే మొత్తం జమ చేస్తుంది. బయటికి వచ్చేటప్పుడు వడ్డీతో కలిపి దాదాపు 11 లక్షల 71 వేల రూపాయలు ముడుతుందని నాడు ప్రకటించారు. పింఛను లేదు. సర్వీసులో ఉండగా మరణిస్తే 48 లక్షల బీమా ఉంటుంది. విధి నిర్వహణలో జరిగిన మరణానికి మరో 44 లక్షల పరిహారం ఉంటుంది. కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను మాత్రం ఉండదు.

"నలుగురు పోతే ముగ్గురు ఇంటికొస్తారు. ఆ ముగ్గురిలో నువ్వుంటే ఏం చేస్తావు? నువ్వుండవు అనుకొని చెప్పొద్దు. ఉంటాననుకొని చెప్పు" అన్నాడు మేనమామ.

కుర్రవాడు కొంతసేపు కింద కనిపించే పట్టణం వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళకు తిరిగివచ్చిన వానికి జీవితం ఇంకా ఎంతో ఉంటుంది. అగ్నివీరులకు సైన్యంలో పొందిన శిక్షణను సగం అర్హతగా పరిగణించి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుందని, కేంద్ర సాయుధ బలగాలలో వారికి పదిశాతం ఉద్యోగాలు కేటాయిస్తారని 2022లోనే ప్రకటనలు వెలువడ్డాయి. అతడు ఆ మాట చెప్పాడు.

"మంచిదే. అయితే అది తలుపు తీయడం మాత్రమే. లోపలికి నువ్వే పోవాల. చదువు వదిలిపెట్టి పోయినోడికి ఆ తలుపు కనపడదు" అన్నాడు మేనమామ. ఆ తర్వాత, ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు. "భయం సంగతి ఎవురూ చెప్పరు. నేను చెప్తా. మొదటి యేడు రాత్రి కాపలాలో నాకు భయమైతా ఉండె. భయపడినోడు పనికిరాడని కాదు. భయపడతా కూడా నిలబడినాం. ఎందుకు నిలబడినామంటే, పక్కనున్నోడు మనల్ని నమ్ముకొని నిద్రపోతాంటాడు. నీకు ఆ పని కావాలా, ఆ బట్టలు కావాలా, ఆ డబ్బు కావాలా? మూడూ కావాలన్నా తప్పు లేదు. దేనికెంత అన్నది మాత్రం నువ్వే తూకం వేసుకో."

కొండ దిగేటప్పుడు ఆయన ఇంకొక సంగతి కూడా చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాడు చేరాలంటే తల్లిదండ్రులో, సంరక్షకులో ఆ పత్రం మీద సంతకం చేయాలి. కుర్రవాడికి ఆ జులై నాటికి పదిహేడున్నర వస్తుంది. పద్దెనిమిది నిండేది 2026 జనవరిలో.

ఈ విషయం కళాశాలలో కూడా తెలిసింది. పౌరశాస్త్రం బోధించే అధ్యాపకుడు అతణ్ణి పిలిచి మాట్లాడాడు. ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు. సైన్యంలోకి దారి ఒక్కటే కాదని మాత్రం చెప్పాడు. ఇంటర్మీడియట్ చదువుతున్నవారు జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశపరీక్ష రాయవచ్చు. యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు నిర్వహించే ఆ పరీక్షలో నెగ్గి, ముఖాముఖి ఎంపికలో నిలిచినవారు పూణే సమీపాన ఖడక్‌వాస్లాలో మూడేళ్ళు శిక్షణ పొంది అధికారులవుతారు. 2022 నుండి అక్కడ అమ్మాయిలకు కూడా ప్రవేశం లభించింది. వారి తొలి జట్టు 2025 మే నెలాఖరున పట్టాలు పుచ్చుకుంది. ఆ పరీక్షలో గణితం ఉంటుంది. గణితం అందనివాడు డిగ్రీ పూర్తిచేసి సి.డి.ఎస్. పరీక్ష ద్వారా చెన్నైలోని అధికారుల శిక్షణ అకాడమీకి ప్రయత్నించవచ్చు. దానికి గణితం అక్కరలేదు. 2020 జూన్ 15వ తేదీన గల్వాన్ లోయలో అమరుడై, మరణానంతరం మహావీరచక్ర పొందిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట వాడనీ, విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదివాడనీ అధ్యాపకుడు గుర్తుచేశాడు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరుందనీ, అక్కడ తరతరాలుగా ఇంటింటి నుండి సైన్యానికి పోవడం ఆచారమనీ చెప్పాడు.

"ఆ ఊళ్ళో పుట్టినవాడికి తాతనో, తండ్రినో అడిగితే అన్నీ తెలుస్తాయి. నీకు ఆ వసతి లేదు. అందుచేత నువ్వు చదివి తెలుసుకోవాలి" అన్నాడాయన.

2022 జూన్ 17వ తేదీన సికింద్రాబాదు రైల్వేస్టేషనులో జరిగినదాన్ని కూడా ఆయన మరుగుపరచలేదు. అంతకుముందు నియామకాలలో శరీరదార్ఢ్య పరీక్షలు, వైద్యపరీక్షలు నెగ్గి, కోవిడ్ కారణంగా రాతపరీక్షకై ఎదురుచూస్తున్న యువకులు ఎందరో ఉన్నారు. కొత్త పథకం రావడంతో ఆ పాత నియామకాలన్నీ రద్దయ్యాయి. కడుపుమంటతో స్టేషనుకు వచ్చినవారు రైళ్ళకు నిప్పుపెట్టారు. పోలీసు కాల్పులలో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. అనేకులపై కేసులు నమోదయ్యాయి. దేశంకోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడిన పిల్లలు దేశపు ఆస్తినే తగులబెట్టిన ఆ రోజును తలచుకుంటే, ఒకే ఒక్క ఆశ మీద బతుకంతా నిలబెట్టడం ఎంత ప్రమాదమో తెలుస్తుందని ఆయన అన్నాడు. ఆశపెట్టినవారి బాధ్యత ఎంతటిదో కూడా తెలుస్తుందని మెల్లగా జతచేశాడు.

దసరా సెలవులకు కుర్రవాడు ధర్మవరం వెళ్ళాడు. రాత్రి భోజనాలయ్యాక తల్లి ఎదుటనే తండ్రితో విషయం కదిపాడు. జీతం చెప్పాడు. సేవానిధి చెప్పాడు. చివరికి, "నాలుగేండ్లకు పదకొండు లక్షలు పైగా వస్తాయి నాయనా! మన అప్పు తీరిపోతాది. నువ్వు ఒక్క సంతకం పెడితే చాలు" అన్నాడు.

తల్లి కండెల బుట్ట పక్కకు జరిపింది. "కల్లితండా ఆయమ్మను టీవీలో చూసినా. ఆ ఏడుపు నా చెవుల్లో ఇంకా పోలేదు. నీకు పోయిందా?" అని అడిగింది. ఆమె వద్దనలేదు. ఆ ప్రశ్న ఒక్కటే అడిగి ఊరకుండిపోయింది. దానికి అతని దగ్గర జవాబు లేదు. తానూ ఆ ఏడుపును విన్నానని మాత్రం చెప్పాడు.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆ మరునాడు తెల్లవారి మగ్గం గుంటలోకి దిగి, నాడె చేతిలోకి తీసుకున్న తర్వాత కొడుకును పిలిచాడు.

"రాత్రి నువ్వు మూడుసార్లు అప్పు అన్నావు. దేశం ఒక్కసారన్నావు" అన్నాడు. "అది తప్పని నేననను. ఆకలితో పోయినోళ్ళు కూడా బాగానే పనిచేసింటారు. కానీ అప్పు నాది రా. నా అప్పుకు నిన్ను కుదువ పెట్టలేను. రేపు నీకేమన్నా అయితే, ఆ లక్షలు ఎవురు తెచ్చిచ్చినా, నేను ఈ చేత్తో సంతకం పెట్టి అమ్ముకున్నట్లే నాకు తోస్తాది. నేను పెట్టను."

కుర్రవాడి ముఖం వాడిపోయింది. తండ్రి పడుగు మీద చేయి వేసి సరిచూస్తూ మళ్ళీ అన్నాడు.

"వద్దని చెప్పడం లేదు. సంక్రాంతి దాటితే నీకు పద్దెనిమిది. అప్పుడు నా సంతకంతో పనిలేదు. అంతవరకు చదువు, పరుగెత్తు, అందరినీ అడుగు. అప్పుడు కూడా పోవాలనిపిస్తే నీ చేత్తో నువ్వే పెట్టు. నేను స్టేషనుకు వచ్చి రైలెక్కిస్తా. అప్పు సంగతి ఆలోపల నేనూ మీ మామా చూసుకుంటాం. దాన్ని నువ్వు నీ లెక్కలోంచి తీసెయ్. తీసేసినాక ఏం మిగుల్తాదో చూడు."

మొదట అది నిరాకరణగానే అతనికి తోచింది. కోపంతో రైలెక్కి హిందూపురం వచ్చేశాడు. పెనుకొండ దాటుతూ ఉండగా, కిటికీలోంచి కొండ కనిపించినప్పుడు, తండ్రి తన చేతికిచ్చినదేమిటో కొంచెం కొంచెంగా బోధపడింది. ఇంతవరకు అతడు ఇంటికోసం పోతున్నానని చెప్పుకొన్నాడు. ఆ మాట చెప్పుకొన్నంతకాలం భయపడినా, బాధపడినా ఇంటి మీద వేయవచ్చు. తండ్రి ఆ భారం తనమీదికి తీసుకోగానే, అతనికి తన కోరిక ఒక్కటే మిగిలింది. అది ఎంత బరువుందో మొదటిసారి తూచి చూడవలసి వచ్చింది.

ఆ శీతకాలమంతా అతడు తెల్లవారుజామున పాఠశాల మైదానంలో పరుగెత్తాడు. ఒక నోటుపుస్తకంలో నడుమ గీత గీసి రెండు వైపులా రాసుకున్నాడు. ఒక వైపు, ఇక్కడే ఉండి డిగ్రీ చదివితే దొరికేవి. రెండవ వైపు, పోతే దొరికేవి, పోగొట్టుకునేవి. పరుగెత్తుతున్న స్నేహితులను అడిగాడు. ఒకడు తన అన్న పోలీసు కావడం చూసి వచ్చానన్నాడు. ఇంకొకడు ఇంట్లో ఉండబుద్ధి కాక వచ్చానన్నాడు. వేరొకడు ఏమీ చెప్పలేక నవ్వి ఊరుకున్నాడు. మేనమామను మళ్ళీ మళ్ళీ అడిగాడు. మంచుకొండలలో కాపలా కాసేవారి కాలివేళ్ళు ఎలా చచ్చుబడతాయో తెలుసుకున్నాడు. నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండా ఉండడం ఎలాంటిదో తెలుసుకున్నాడు. నియంత్రణ రేఖ పటంలో గీత లాగా కనిపించినా, నేల మీద అది మెరకలు, పల్లాలు, చెట్ల చాటులు, ఎదుటివాని కళ్ళు అని తెలుసుకున్నాడు. సైనికుడు చావడానికే కాదు, అవసరమైతే చంపడానికి కూడా ఒప్పుకొని చేరుతున్నాడన్న సంగతిని అతడు అంతకుముందు ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. ఆ మాటను పుస్తకంలో ఏ వైపు రాయాలో తెలియక గీత మీదనే రాశాడు.

లెక్కలోంచి అప్పును తీసివేసిన తర్వాత మిగిలినది ఏమిటి? వంద మందిలో ఒకడై, ఒక క్రమశిక్షణలో, తన ఒంటి బలమూ మనోబలమూ ఎంతటివో తెలుసుకోవాలన్న కోరిక మిగిలింది. తన పేరు తెలియని ఎవరో తన కాపలాను నమ్ముకొని నిద్రపోతారన్న ఆలోచన మిగిలింది. కల్లితండాలో విన్న ఏడుపు కూడా మిగిలింది. అది పోలేదు. అది పోకుండా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలని అతనికి తోచింది. తుపాకుల గౌరవవందనం వినబడినప్పుడు కలిగిన పులకరింత మాత్రం నెలలు గడిచేకొద్దీ పలచబడింది. మే నెలలో ఆ ఒక్కదాని మీదనే సంతకం చేసివుంటే ఏమయ్యేదో అని అతడు తనలో తానే ఆశ్చర్యపడ్డాడు.

జనవరిలో పద్దెనిమిది నిండింది. మార్చిలో ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిశాయి. ముగిసిన మరునాడే అతడు డిగ్రీ ప్రవేశానికి కావలసిన కాగితాలు ఒక సంచిలో, సైన్యానికి కావలసిన కాగితాలు మరొక సంచిలో సర్దుకొని ధర్మవరం చేరాడు. ఆ రాత్రి మగ్గం పక్కన కూర్చుండి, తండ్రికి నోటుపుస్తకం చదివి వినిపించాడు. తల్లి కండెలు చుడుతూనే విన్నది. గీత మీద రాసిన మాట దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు ఆగింది. మళ్ళీ అందుకొని చదివాడు.

"అన్నీ తెలుసుకున్నావా?" అని తండ్రి అడిగాడు.

"అన్నీ తెలిసినాయని చెప్పలేను నాయనా! తెలిసినంతవరకు తెలుసుకున్నా. పోదామనే ఉంది. నాలుగేండ్లకు ఇంటికి పంపితే డిగ్రీ చేస్తా. పుస్తకాలు పెట్టెలో పెట్టుకొనే పోతా. ఈసారి ఎంపిక కాకపోతే కాలేజీలో చేరి మళ్ళీ రాస్తా."

తండ్రి తల ఆడించాడు. తల్లి లేచి లోపలికి పోయింది. కాసేపటికి పెట్టె మూత తెరిచిన చప్పుడయింది. ఆమె అతని పదో తరగతి ధ్రువపత్రాన్ని, తడవకుండా పాతచీర ముక్కలో చుట్టిపెట్టిన దాన్ని, తెచ్చి అతని ఒడిలో పెట్టింది. మాట్లాడలేదు.

ప్రతి సంవత్సరం ఈ రైలుమార్గం వెంట ఇటువంటి పిల్లలు ఎందరో పరుగు పరీక్షలకు పోతుంటారు. కొందరు ఎంపికవుతారు. ఎక్కువమంది తిరిగివస్తారు. 2022 చివర, 2023 ఆరంభంలో చేరిన తొలి అగ్నివీరుల నాలుగేళ్ళు 2026 చివర, 2027 ఆరంభంలో నిండుతాయి. వారిలో నలుగురికి ముగ్గురు ఇరవైల ప్రాయంలోనే యూనిఫారం విడిచి ఊళ్ళకు వస్తారు. వారికి ఉపాధి చూపడం, వచ్చిన డబ్బు వడ్డీల పాలు కాకుండా దారి చెప్పడం, ఆగిన చదువు అందివ్వడం ఆ ఊళ్ళ బాధ్యత, ప్రభుత్వాల బాధ్యత కూడా. పేటిక వచ్చిన నాడు వేలాదిగా కదలివచ్చిన జనం, ప్రాణాలతో తిరిగివచ్చినవాడు రైలు దిగిన నాడు కనీసం ఒకరిద్దరైనా ఎదురు వెళ్ళడం న్యాయం.

కుర్రవాడు మరునాడు ఉదయం ధర్మవరం బజారులోని ఇంటర్నెట్ అంగడికి బయలుదేరాడు. తండ్రి మగ్గం ఆపి వెంట వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. గడప దగ్గరే నిలబడ్డాడు. కుర్రవాడు తెల్లకాగితం మీద తన పేరు రాశాడు. దాన్ని ఫొటో తీసి దరఖాస్తుకు జతచేయాలని అంగడివాడు చెప్పాడు. మొదటి సంతకం కొంచెం వంకర పోయింది. రెండవది రాశాడు. అది సరిగ్గా వచ్చింది.